అనాకారి బూడిద

"ఆ కాగితం అక్కణ్నించి తీసెయ్యమని నిన్ననే చెప్పాను" అంది లమ్యాయ్, రోట్లో మిరపకాయలు దంచుతూ.

కూతురు కేసొన్ తియ్యలేదు. మూడు రోజులుగా ఆ ఉత్తరం వంటింటి బల్ల మీద చేపనీళ్ళ సీసా కింద అణిగి ఉంది. భోజనానికి కూర్చున్నప్పుడల్లా అందరూ దాన్ని చూస్తున్నారు, ఎవరూ ముట్టుకోవడం లేదు. అందులోని మాటలు కేసొన్‌కి కంఠతా వచ్చేశాయి. యజమానురాలికి తన పిల్లి మీద ఏ అభిమానమూ లేదని ఆవిడ నోటి మాటల్లోనే తేలిపోయిందట. కనక సీసవాత్ పిల్లుల పుస్తకంలో ఈ ఇంటి పేరు చేర్చడం కుదరదట. కడుపుతో ఉన్న ఆ పిల్లిని ఊరిపెద్ద కమ్నాన్ గారింటికి అప్పగిస్తే, పుట్టబోయే కూనలనైనా ఆ ఇంటి పేరు కింద ఎక్కిస్తారట. అడుగున, మేలుజాతి పిల్లుల్నీ వాటి ఇళ్ళనీ పుస్తకంలో నమోదు చేసే విదేశీ సంఘం నుంచి వచ్చిన డోరతీ అనే తెల్ల ఫరంగావిడ సంతకం ఉంది.

ఈ సాయంత్రం డోరతీ బ్యాంకాక్ కారెక్కితే ఆ పుస్తకం మూసేసినట్టే. మళ్ళీ పదేళ్ళకు గాని తెరవరు.

లమ్యాయ్‌కి అమ్మమ్మ నాటి నుంచీ ఆ ఇంట్లో బూడిద రంగు సీసవాత్ పిల్లులున్నాయి. ఒక్కదాన్ని కూడా అమ్మి ఎరగరు. ఊళ్లో పెళ్ళయిన జంటకి జంట కూనలను పళ్ళెంలో పెట్టి ఇవ్వడమే వాళ్ళకి తెలుసు. ఫిమాయ్‌లో ఏ ప్రహరీగోడ మీద ఆ రంగు పిల్లి కనబడ్డా అది ఈ ఇంటి ఆడపడుచే. కమ్నాన్ భార్య చలావ్ సింగారించుకుని తిరిగే ఆ రెండు పిల్లులూ అలా వెళ్ళినవే. ఇప్పుడు చలావ్ పేరు పుస్తకంలో ఉంటుంది, లమ్యాయ్ పేరు ఉండదు. తలచుకుంటే కేసొన్‌కి తల కొట్టేసినట్టుగా ఉంది.

పైగా కేసొన్ ఇంగ్లీషు టీచరు. ఊళ్లో సగం మందికి ఆమే అక్షరాలు దిద్దించింది. ఆ సగం మందీ ఇప్పుడు ముక్కున వేలేసుకుని, కన్నతల్లికే నాలుగు మాటలు నేర్పలేని మనిషి మన పిల్లలకి ఏం నేర్పుతుందని అడుగుతున్నారు.

నాలుగు మాటలు కాదు, నలభై మాటలు. మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పింది. యజమాని తన పిల్లి గురించి తన నోటితోనే చెప్పాలని ఆ సంఘం వాళ్ళ నిబంధన. దుబాసీలు పనికిరారు. అరవై ఆరేళ్ళ లమ్యాయ్ సరే అంది. మిరపకాయలు దంచుతూ, రోకటి పోటుకొక మాట చొప్పున నేర్చుకుంది. పిల్లి బొచ్చుని కోటు అంటారంటే పడీ పడీ నవ్వింది, ఈ ఎండల్లో దానికి కోటెందుకని. మీసాలని విస్కర్స్ అంటారంటే, ఆడపిల్లికి ఆ మాట వాడొచ్చో లేదో ముందు కనుక్కోమంది. తిండి, నిద్ర, జ్వరం లాంటి రోజువారీ మాటలతో పాటు, సులువుగా గుర్తుంటాయని కేసొన్ గుణాలన్నీ జంటలుగా నేర్పింది. ప్రెటీ, అగ్లీ. క్లెవర్, స్టుపిడ్. జెంటిల్ ఒక పక్క, ఫియర్స్ ఇంకో పక్క.

ఆదివారం నాడు డోరతీ వచ్చి చాప మీద కూర్చుని, మీ పిల్లి గురించి చెప్పండి అంది. లమ్యాయ్ వెన్ను నిటారుగా పెట్టి, చీటీ కూడా చూడకుండా, అగ్లీ అంది. తరవాత స్టుపిడ్ అంది. బద్ధకం అంది, కోటు బాగా లేదంది, తోక వంకరంది. తన మోకాలి మీద కళ్ళు మూసుకుని గురగురలాడుతున్న పిల్లిని, బూడిదని, నిమురుతూనే గుక్క తిప్పుకోకుండా అన్నీ అనేసింది. కేసొన్ అడ్డు వెళ్ళబోతే డోరతీ అరచెయ్యి చూపించి ఆపేసింది.

అప్పటి నుంచి తల్లీకూతుళ్ళ మధ్య కూర గిన్నె, ఆ కాగితం సంగతి తప్ప వేరే మాటల్లేవు.

* * *

ఇక ఉండబట్టలేక కేసొన్ రోలు దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అమ్మా, ఒక్కటి చెప్పు. నేను నేర్పడం తప్పా, నువ్వు నేర్చుకోవడం తప్పా?"

లమ్యాయ్ రోకలి ఆపలేదు. అల్లుడు సాయన్ జిగురన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అత్తగారి వైపు మాట్లాడితే పెళ్ళాంతో, పెళ్ళాం వైపు మాట్లాడితే కూరతో ఇబ్బంది. అందుకని పన్నెండేళ్ళుగా అతను తినడమే ఎంచుకున్నాడు.

"ఏదీ తప్పు కాదు" అంది లమ్యాయ్ చివరికి. "కావాలంటే అడుగు."

కేసొన్ అడిగింది. అందమైనదాన్ని ఏమంటారంటే ప్రెటీ అంది. తెలివైనదాన్ని ఏమంటారంటే క్లెవర్ అంది. సాధువైనది, చలాకీది, నమ్మకమైనది, నున్నటి కోటు, పొడుగాటి తోక, పచ్చటి కళ్ళు. కేసొన్ వరస మార్చి అడిగింది, మధ్యలో నుంచి అడిగింది, అడుగు నుంచి పైకి అడిగింది. నలభై మాటల్లో ఒక్కటి కూడా తప్పలేదు. తన తరగతిలో ఏ పిల్లా ఇంత శుభ్రంగా అప్పజెప్పలేదు. ఒళ్ళు మండుతున్నా సరే, ఈవిడ నా శిష్యురాలు అని ఆమెకి లోపల్లోపల గర్వం కలిగింది.

"మరి తెలిసే అలా అన్నావా?"

"తెలిసే అన్నాను. దాని కడుపులో ఏముందో నీకు తెలీదూ?"

కేసొన్‌కి అప్పుడు వెలిగింది. ఆ ఊళ్లో పురిటి బిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉయ్యాలలోకి తొంగిచూసి, ఛీ ఎంత అసహ్యంగా ఉందో అని ముద్దు పెట్టుకుంటారు. బాగుందంటే వినకూడని దయ్యమేదో వింటుంది, వింటే బిడ్డని ఎత్తుకుపోతుంది. కేసొన్ కూడా ఎందరి బిడ్డలనో అలా అంది. ఈ కాలపు మనిషి కనక నవ్వుతూ అంది. పిల్లికి, అదీ ఇంగ్లీషులో, ఆ ఆచారం పాటించే మనిషి తన ఇంట్లోనే ఉందని మాత్రం ఆమెకి తట్టలేదు.

"ఆ దయ్యాలకి ఇంగ్లీషు కూడా వచ్చా అత్తయ్యా?" అన్నాడు సాయన్ ఉండబట్టలేక.

"ఆవిడ అంత దూరం నుంచి వచ్చింది కదా నాయనా. ఆవిడ వెనకాల ఏమేం వచ్చాయో నువ్వు చూశావా?"

సాయన్ ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

లమ్యాయ్ రోకలి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "నీకు ముందు పుట్టినవాణ్ణి మీ నాన్న భుజాన వేసుకుని బజారంతా తిప్పాడే. చందమామ అన్నాడు. కనిపించిన ప్రతివాడికీ చూపించి, నా కొడుకుని చూడండి, నా కొడుకుని చూడండి అన్నాడు. తొమ్మిదో నెల్లో పోయాడు. నువ్వు పుట్టగానే మంత్రసాని కంటే ముందు నేనే అన్నాను, కప్పపిల్లలా ఉంది, దీన్ని ఎవరు తీసుకెళ్తారని. మూడేళ్ళు అన్నాను. ఒక్క రోజు కూడా మానలేదు."

కేసొన్‌కి ఆ అన్న సంగతి తెలుసు. ఫొటో కూడా లేని అన్న. తల్లి నోటి వెంట అతని మాట వినడం మాత్రం ఇదే మొదలు. రోలు అంచు గోటితో గీకుతూ కూర్చుంది. సాయన్ లేచి, ఎవరూ అడగకుండానే, పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు.

కాసేపటికి కేసొన్ తేరుకుంది. అయితే ఇందులో కష్టమేముంది, ఎందుకలా అన్నావో నేను వెళ్ళి డోరతీకి విడమరిచి చెప్తాను, చదువుకున్న మనిషి, అర్థం చేసుకుంటుంది అంది.

"ఏమని చెప్తావు? బాగుంది కాబట్టే మా అమ్మ అనాకారి అంటోందని చెప్తావా?"

"అవును."

"అప్పుడు బాగుందని నువ్వు చెప్పేసినట్టే కదే."

విడమరిచి చెప్తే పొగిడినట్టే. పొగడకపోతే పుస్తకంలో పేరు లేదు. పురుడు ఈ వారంలోనే, పుస్తకం మూసేది ఇవాళే. ఎటు తిప్పి చూసినా దారి కనబడలేదు.

"పోనీ అమ్మా, ఆ పేరు నీకు అక్కర్లేదా?" అంది నెమ్మదిగా.

"ఎందుకక్కర్లేదు? మా అమ్మమ్మ దగ్గర్నుంచి ఎంతమంది ఆడవాళ్ళం ఈ పిల్లులకి పురుళ్ళు పోశాం. ఆ పుస్తకంలో మా ఇల్లు ఉందని ఎవరో దేశం కాని దేశంలో చదువుతుంటే నాకు గర్వంగా ఉండదా? ఉంటుంది. చచ్చేంత ఉంటుంది. అలాగని కూనల్ని పణం పెట్టి తెచ్చుకోను."

* * *

పది గంటలకల్లా చలావ్ వచ్చింది. చేతిలో మామిడిపళ్ళు, వెనకాల పనిమనిషి చేతిలో ఖాళీ బుట్ట. బుట్ట మూతకి గులాబి రంగు రిబ్బను కూడా కట్టించింది.

పరామర్శ మొదలుపెట్టింది. అక్క పెద్దది కదా, ఆ వయసులో నాలిక తిరగడం కష్టమేనట. తనకైతే ఒక్క వారంలో వచ్చేసిందట. మై క్యాట్ ఈజ్ ప్రిన్సెస్ అని తను అనగానే డోరతీ మురిసిపోయిందట. టీచరమ్మ కాస్త ఓపిక పట్టి నేర్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదట. ఓదారుస్తున్నట్టే ఓదారుస్తూ ఒక్కొక్క మాటా చురక పెట్టినట్టు పెట్టింది. కేసొన్ మొహం ఎర్రబడింది.

"మా ఇంటికొస్తే దానికేం లోటుండదులే అక్కా" అని చలావ్ తనే లమ్యాయ్‌కి ధైర్యం కూడా చెప్పింది. "బుట్ట తెచ్చాను. ఎండెక్కకముందే తీసుకెళ్తాను."

"బుట్ట మాకుంది" అంది లమ్యాయ్. "నేనే తెస్తాను. ఆవిడతో ఇంకోసారి మాట్లాడాలి నేను."

చలావ్ కనుబొమ్మలు పైకి లేచాయి. ఇంకోసారి మాట్లాడి ఏం ఒరగబెడతావన్నట్టు కేసొన్ వైపు చూసి, మామిడిపళ్ళు ఉత్తరం పక్కనే పెట్టి వెళ్ళిపోయింది.

కేసొన్ తల్లిని ఏం మాట్లాడతావని అడగలేదు. అడిగినా చెప్పదు. ఉతికిన జాకెట్టు తీసి ఇచ్చింది. లమ్యాయ్ జుట్టు తడిచేసి దువ్వుకుంది, వెదురుబుట్టలో మెత్తటి పాత బట్ట పరిచింది, బరువైన పొట్టతో బూడిద తనంతట తనే అందులోకి దిగి చుట్టుకుని పడుకుంది.

* * *

కమ్నాన్ గారి వసారాలో, ఆ ఇంట్లోనే బస చేసిన డోరతీ సామాన్లు సర్దుకుని కూర్చుని ఉంది. ముక్కు ఎండకి కమిలి ఎర్రగా ఉంది. లమ్యాయ్‌ని చూడగానే లేచి, వచ్చీరాని పద్ధతిలో చేతులు జోడించింది. చెడ్డ మనిషి కాదు. ఆ ఉత్తరం రాసిన దగ్గర్నుంచి తనకీ మనసు మనసులో లేదని, ఇంకోసారి వినడానికి అభ్యంతరం లేదని కేసొన్‌తో చెప్పింది. పుస్తకం ఒళ్ళో తెరిచి, కలం తీసి, మీ పిల్లి ఎలాంటిదని మళ్ళీ అడిగింది.

"అగ్లీ" అంది లమ్యాయ్.

చలావ్ చేత్తో నోరు మూసుకునే రకం కాదు, బాహాటంగానే నవ్వింది. డోరతీ నిట్టూర్చింది. కానీ లమ్యాయ్ అక్కడితో ఆగలేదు. తనకున్న ఆ నలభై మాటలనీ కూడదీసుకుని, ఒక్కొక్క ఇటుకా పేర్చినట్టు ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. దీని తల్లి బూడిద రంగు. తల్లి తల్లి బూడిద రంగు. అలా ఏడుగురు తల్లులు, ఏడుగురి పేర్లూ నాకు తెలుసు. ఇది నా కాలి మీద నిద్రపోతుంది. నేను కదలను. నా కాలు చచ్చిపోతుంది. అయినా కదలను. చేప తెస్తే ముందు ఇది తింటుంది, తరవాత నేను. దీనికి జ్వరం వస్తే నేను అన్నం తినను. ఇది ఇంకో ఇంటికి వెళ్తే తినదు. నేనూ తినను.

అందులో పొగడ్త అన్నది మచ్చుకైనా లేదు. ఇన్నేళ్ళ పాఠాల్లో కేసొన్ ఎవరికీ నేర్పనిదాన్ని ఈ ముసలమ్మ తను ఇచ్చిన నలభై మాటలతోనే చేసి చూపిస్తోంది.

డోరతీ రాయడం మానేసి వింటూ ఉండిపోయింది. ఆవిడ కళ్ళు మెత్తబడ్డాయి. చెయ్యి చాచి బుట్ట మీది బట్ట తొలగించింది. బూడిద తలెత్తి, ఆ వేళ్ళు వాసన చూసి, గరుకు నాలుకతో ఒకసారి నాకింది. డోరతీ మొహం ఒక్కసారిగా విప్పారింది.

"ఎంత చక్కటి..." అని మొదలుపెట్టింది, వసారా అంతా వినబడేట్టు.

లమ్యాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. బుట్ట మీద వాలిపోయి రెండు చేతులతో పిల్లి చెవులు కప్పేసింది.

కేసొన్ ఇంకేదీ ఆలోచించలేదు. తరగతి గదిలో చివరి బెంచీ దాకా వినబడే గొంతుతో, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో అందుకుంది.

"కాదండీ. ఫిమాయ్ మొత్తం వెతికినా ఇంత అనాకారి పిల్లి ఇంకోటి దొరకదు. ఒట్టి మొద్దు. పరమ బద్ధకం. దీని కడుపులో ఉన్నవీ ఇలాగే పుడతాయి. వీటిని ఎవరూ తీసుకెళ్ళరు."

డోరతీ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. కాసేపు కేసొన్‌ని చూసి, పుస్తకం మూసేసి పక్కన పెట్టింది. కలానికి మూత పెట్టింది. పోయింది అనుకుంది కేసొన్. తనే చేజేతులా పోగొట్టింది. అయినా అన్న మాటకి మాత్రం ఆమె చింతించలేదు.

లమ్యాయ్ పిల్లి చెవుల మీంచి చేతులు తీసింది.

చలావ్‌కి పండగలా ఉంది. "చూశారా, తల్లికొచ్చిన జబ్బే టీచరమ్మకీ అంటుకుంది" అంది భర్తతో. "ఇరవై రెండేళ్ళుగా మన పిల్లలకి ఈ ఇంగ్లీషేనా నేర్పింది?"

లమ్యాయ్ నెమ్మదిగా లేచి నిలబడింది. ఒక చెయ్యి బుట్ట మీదే ఉంది. రెండో చెయ్యి కూతురి భుజం మీద వేసింది. చెమటకి నుదుటికి అతుక్కున్న కేసొన్ జుట్టుని వేలితో వెనక్కి తోసింది. కేసొన్‌కి నలభై ఏళ్ళు దాటాయి. తల్లి ఇలా ముట్టుకుని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

"దానికేమొచ్చు" అంది లమ్యాయ్, చలావ్‌తో, కమ్నాన్‌తో, గుమ్మంలో గుమిగూడిన ఇరుగుపొరుగుతో. "నా కూతురు ఒట్టి మొద్దు. చిన్నప్పట్నించీ అంతే. దానికి ఏమీ రాదు. ఎవరూ దానివైపు కన్నెత్తి చూడక్కర్లేదు."

బళ్లో కేసొన్‌కి పూలదండలు వేశారు, గోడ నిండా ప్రశంసాపత్రాలు ఉన్నాయి, జిల్లా అధికారి ఒకసారి చప్పట్లు కొట్టించాడు. వాటిల్లో దేనికీ ఆమె ఒళ్ళు ఇలా పులకరించలేదు.

"మీ అమ్మగారు ఏమన్నారు?" అని అడిగింది డోరతీ.

కమ్నాన్ గొంతు సవరించుకున్నాడు. ఇంటి గొడవలు, పెద్దావిడ కోపంలో ఏదో అంది, వదిలెయ్యండని తనకొచ్చిన ఇంగ్లీషులో సర్దబోయాడు. కేసొన్‌ని కూడా వద్దన్నట్టు సైగ చేశాడు. ఊళ్లో ఆమె పరువు ఇంకా కాస్త మిగిలి ఉందని అతని ఉద్దేశం.

కేసొన్ తలెత్తింది.

"నా కూతురు ఒట్టి మొద్దు అన్నారు" అంది ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడివిడిగా. "చిన్నప్పటి నుంచీ అంతే అన్నారు. దానికి ఏమీ రాదు, ఎవరూ దానివైపు చూడక్కర్లేదు అన్నారు. మా అమ్మ నా గురించి అన్న మాటలు అవే. ఒక్కటి కూడా మార్చలేదు."

చెబుతూ ఉంటే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

డోరతీ ఆ మొహాన్ని చూసింది. కూతురి భుజం మీద ఉన్న ఆ ముడతల చేతిని చూసింది. అక్కణ్నించి ఆవిడ చూపు నెమ్మదిగా జారి, బుట్ట మీద ఉన్న రెండో చేతి దగ్గర ఆగింది. ఏదో మెచ్చుకోలు మాట అనబోయి, పెదాలు బిగించి, అనకుండానే ఊరుకుంది.

తరవాత పుస్తకం మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని ఖాళీ పేజీ తిప్పింది. కలం మూత తీసి, వెలుతురుకి అడ్డంగా నిలబడ్డ చలావ్‌ని కాస్త పక్కకి జరగమంది.